పదకొండు చుట్లు

మార్చి 3, సోమవారం

నీళ్ళ ఆఫీసు మీద యుద్ధానికి వెళ్ళి ఉద్యోగంతో తిరిగొచ్చాను. ఇది లొంగుబాటు కాదు, శత్రు శిబిరంలోకి చొరబాటు. కరపత్రాల్లో ఈ ఎత్తుగడకి ఒక పేరుంది. ఇప్పుడు గుర్తు రావడం లేదు.

మా కింది వీధికి పొద్దున గంటసేపు దారం లాంటి ధార వస్తుంది. మిట్ట వీధిలో మాత్రం బకెట్టు పెట్టి వెనక్కి తిరిగేలోపు పొర్లిపోతుంది. ఈ అన్యాయం మీద నేను రాసిన ‘నీరెవరిది?’ కరపత్రం పట్టుకుని ఇంజినీరు మేడమ్ గదిలోకి దూసుకుపోయాను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆవిడ ఆ సమయంలో టీ తాగారు, ఆరు కాగితాల మీద సంతకాలు పెట్టారు.

"అయిపోయిందా?" అన్నారు.

"ప్రస్తుతానికి."

"గొంతు బావుంది. లెక్కపెట్టడం వచ్చా?"

ఊళ్ళో పైపులు వేసి ఎనభై ఏళ్ళయిందట. అన్నీ తీసి కొత్తవి వెయ్యాలట. తియ్యబోయే ముందు ఏ వాల్వు ఎక్కడుంది, ఎన్ని చుట్లు తిరుగుతుంది, ఏది పట్టేసింది, అన్నీ ఒక రిజిస్టర్లోకి ఎక్కాలట. "ఇన్నాళ్ళూ ఈ వివరాలన్నీ ఒక్క మనిషి బుర్రలో ఉన్నాయి. ఆయన వచ్చే నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆయన చెప్తుంటే నువ్వు రాయాలి. అరవకుండా."

అక్క విని, "నిన్ను ఊరుకోబెట్టడానికి ఇంత తెలివైన మార్గం నాకెప్పుడూ తట్టలేదు" అంది. అక్క బట్టలు కుడుతుంది. నాలుకకీ సూదికీ ఒకే మొన.

మార్చి 4, మంగళవారం

ఆ ఒక్క మనిషిని ఊరంతా వాల్వుల మామ అంటుంది. ముందే చెప్పేస్తున్నాను, మనిషి సరదాగా ఉంటాడు. కానీ వ్యవస్థ ఎప్పుడూ సరదా మనుషుల వెనకే దాక్కుంటుంది. ఇది నేను ఎక్కడా చదవలేదు, నా సొంతం.

పని ఇలా. ఇనుప మూత లేపాలి. గుంతలో బురద తోడాలి. మనిషెత్తు కడ్డీ, పైన అడ్డంగా పిడి, దాన్ని దింపి వాల్వు తలకి తగిలించి తిప్పాలి. ఎడమకి తిప్పితే తెరుచుకుంటుంది, కుడికైతే మూసుకుంటుంది. తిప్పేవాడు అంకె పైకి చెప్పాలి. పక్కవాడు అదే అంకె తిరిగి చెప్పాలి. అప్పుడే తర్వాతి చుట్టు.

"ఏడు."

"ఏడు."

"ఎనిమిది."

దారిన పోయేవాళ్ళు నవ్వుతున్నారు. నాకు చిరాకేసింది. "మామా, నేను ఎమ్మే మొదటి సంవత్సరం దాకా వెళ్ళాను. ఎనిమిది తర్వాత ఏమొస్తుందో నాకు తెలుసు."

"తెలుసు అల్లుడూ. నీకు తెలియకనా! కానీ ఒక్కడే తిప్పుతున్నాడనుకో, మధ్యలో ఏదో ఆలోచనొస్తుంది. నీకైతే మరీనూ. లైను మీద ఎవడూ ఒంటరిగా వాల్వు ముట్టుకోడు. అంతే."

కోసి పక్కన పడేసిన పాత పైపు ముక్క ఒకటి చూశాను. బయటికి నా తొడంత లావు. లోపల తుప్పు గడ్డలు గడ్డలుగా పేరుకుపోయి, మిగిలిన సందులో రెండు వేళ్ళు దూరతాయి. మనం ఇన్నేళ్ళూ తాగింది ఆ రెండు వేళ్ళ సందులోంచి. దీన్ని బల్ల మీద పెట్టి ఉపన్యాసం ఇస్తే ఒక్క మాట కూడా అక్కర్లేదు. (కొన్ని మాటలు కావాలి.)

మార్చి 6, గురువారం

పట్టుకున్నాను!

నలభై ఒకటో నంబరు. మిట్ట వీధి దిగి మా వీధి మొదలయ్యే మూల. మా వీధి నీళ్ళన్నీ దానిలోంచే రావాలి. నేను కడ్డీ దింపబోతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "దీన్ని కదపొద్దు. నేను చెప్తా రాసుకో. మొత్తం ఇరవై రెండు చుట్లు. తెరిచి ఉన్నవి పదకొండు."

సగం! మా వీధి గొంతు సగానికి నొక్కి పెట్టి, ఎంత మామూలుగా చెప్తున్నాడో!

"ఎందుకు?" అన్నాను.

"దీని కథ వేరు అల్లుడూ. ఇది..."

నేను ఆగలేకపోయాను. ఒళ్ళు మండిపోయింది. పంపకం గురించి, అధికారం గురించి, మెరక పల్లాల గురించి మాట్లాడాను. నా ఉపన్యాసాలన్నిట్లోకీ ఇదే ఉత్తమమైనది అనుకుంటాను. మామ మూత మూసి, దాని మీద కూర్చుని, మొత్తం విన్నాడు.

"ఇది వినే రోజు కాదులే నీకు. వినే రోజున చెప్తా" అని లేచాడు.

సాయంత్రం మేడమ్ రిజిస్టరు చూసి నలభై ఒకటి పక్కన ఎర్ర సిరాతో ‘కదపరాదు’ అని రాశారు. ఆవిడ కూడానా!

మార్చి 8, శనివారం

మిట్ట వీధి డాక్టరమ్మ ఇంటి వరండాలో మామ కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ. పళ్ళెంలో బిస్కెట్లు. నాలుగు.

ఇంక చెప్పేదేముంది?

మార్చి 9, ఆదివారం

ప్రజల నీళ్ళకి ప్రజలే తలుపు తియ్యాలి.

మధ్యాహ్నం భోజనాలయి అందరూ ఒక కునుకు తీసే వేళ షెడ్డు నుంచి కడ్డీ తెచ్చాను. ఒక్కణ్ణే వెళ్ళాను. చరిత్రలో ఇలాంటి పనులన్నీ ఒక్కరే చేస్తారు. నలభై ఒకటి మూత లేపాను. ఎడమకి తిప్పడం మొదలుపెట్టాను. అంకెలు మనసులో అనుకున్నాను. ఒకటి, రెండు, మూడు. మూడో చుట్టు దగ్గర అమ్మ ముఖం గుర్తొచ్చింది, ఐదు దగ్గర వీధంతా. పదో చుట్టు బాగా బిగుసుకుంది. పదకొండు తిప్పేసరికి ఇంక కదల్లేదు.

పూర్తిగా తెరిచేశాను. రేపు పొద్దున మా వీధిలో జలపాతం.

అరచేతుల్లో నాలుగు బొబ్బలు. అక్క అడిగితే వ్యాయామం అన్నాను.

మార్చి 10, సోమవారం

నీళ్ళు రాలేదు.

మార్చి 11, మంగళవారం

ఒక్క చుక్క లేదు. ఇదివరకటి దారం కూడా లేదు. ఇప్పుడు అర్థమైంది. నేను తెరిచిన సంగతి వాడు పసిగట్టాడు. పైన ఇంకెక్కడో మొత్తానికి కట్టేశాడు. ఇది కక్ష. (‘వాడు’ అని రాశాను. కోపంలో ఉన్నాను. కొట్టెయ్యను.)

కొత్త కరపత్రం రాశాను. ‘మన గొంతులో నీళ్ళు కాజేసిన వాల్వుల మామ!’ మూడు వందల ప్రతులు, రేపటికి. అక్క చదివి, "ఒక్క పేజీలో పదహారు ఆశ్చర్యార్థకాలా? చదివేవాడు ఉలిక్కిపడి చస్తాడు" అంది. తర్వాత, "నిజంగా ఆయనే కట్టాడని నీకెలా తెలుసు?" అని కూడా అంది.

"ఇంకెవరు కడతారు?"

అక్క సూదిలోకి దారం ఎక్కించుకుంది.

మార్చి 12, బుధవారం

అద్భుతం! కరపత్రాలు తెల్లారేసరికి రెండు వీధుల్లోనూ ప్రతి గుమ్మంలో ఉన్నాయి. పది గంటలకి నూట ఇరవై మంది ఖాళీ బిందెలతో ఆఫీసు ముందు. బిందెల మీద గరిటెలు వాయిస్తుంటే మేడమ్ కిటికీ అద్దాలు వణికాయి. నేను గోడ ఎక్కి మాట్లాడాను. ఇన్నాళ్ళూ నన్ను ‘ఆ అరిచే కుర్రాడు’ అన్నవాళ్ళే ‘తమ్ముడూ నువ్వు చెప్పు’ అన్నారు.

పై అధికారి కారు దిగి వచ్చి అక్కడికక్కడే ప్రకటించాడు. విచారణ అయ్యేదాకా వాల్వుల మామ పనిలోకి రాకూడదు. తప్పు రుజువైతే రిటైర్మెంటు దాకా ఆగరు, ముందే తీసేస్తారు.

మామ అక్కడే ఉన్నాడు. షెడ్డు తాళాలు మేడమ్ చేతికిచ్చి, సైకిలు తీసుకుని వెళ్ళాడు. ఎక్కలేదు. నడిపించుకుంటూ వెళ్ళాడు.

చాలా ఆనందంగా ఉంది.

మార్చి 13, గురువారం

ఆనందంగా ఉంది. ట్యాంకరు వస్తోంది. అమ్మ క్యానులు మోస్తోంది. నేను మోస్తానంటే, "నీకు పోరాటం ఉందిగా, నువ్వు వెళ్ళు" అంటుంది. మెచ్చుకోలుగానే అంది.

సైకిలు ఎందుకు ఎక్కలేదో. టైరులో గాలి లేదేమో.

మార్చి 14, శుక్రవారం

మేడమ్ మనుషులు రోడ్డు రెండు చోట్ల తవ్వారు. పైపు పగల్లేదు, ఏదీ అడ్డం పడలేదు. ఆవిడ మూడు రోజులుగా అదే చీరలో ఉన్నట్టు ఉన్నారు. తవ్విన గుంత గట్టు మీద కూర్చుని నన్ను పిలిచారు.

"రిజిస్టరు రాసింది నువ్వు. నువ్వు గానీ ఇంకెవరు గానీ ఏ వాల్వయినా ముట్టుకున్నారా?"

"లేదండీ."

"నలభై ఒకటి?"

"కదపరాదు అని మీరే రాశారు కదండీ."

ఇందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ అడిగింది ఎవరు మూశారని. నేను తెరిచాను. తెరవడం, ముట్టుకోవడం వేరు వేరు. పైగా తెరిచిన వాల్వు వల్ల నీళ్ళు ఆగవు. చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాబట్టి చెప్పడం అనవసరం.

అనవసరమే.

మార్చి 15, శనివారం

మామ లేడు కాబట్టి మేడమే నాతో వాల్వుల మీదకి వచ్చారు. అరవై మూడో నంబరు, పాత మార్కెట్టు వెనక. నేను అలవాటు ప్రకారం ఎడమకి తిప్పబోయాను.

"ఆగు ఆగు! ఆ తల చూడు, పైన చదునుగా లేదు, గుండ్రంగా ఉంది. ఇవి మొట్టమొదట వేసిన రకం. వీటికి తిరుగుడు తలకిందులు. కుడికి తిప్పితే తెరుచుకుంటాయి, ఎడమకి తిప్పితే మూసుకుంటాయి. ఊరు మొత్తంలో ఆరో ఏడో మిగిలాయి. ఏవేవో నీ మామకే తెలుసు. ఒక్కటి మాత్రం నాకు దొరికింది, అది ఇదే."

కడ్డీ నా చేతిలోంచి జారి గుంతలో పడింది. బురద చీర మీద చిందింది. ఆవిడ ఏదో అన్నారు. వినపడలేదు.

నలభై ఒకటి తల గుండ్రంగా ఉంది.

మార్చి 15, అదే రోజు, సాయంత్రం

ఎడమకి పదకొండు. పదకొండు.

మార్చి 16, ఆదివారం

పొద్దున లేచి ఒక ఆలోచన చేశాను. దాన్ని ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

మధ్యాహ్నం వేళ వెళ్ళి కుడికి పదకొండు తిప్పేస్తే సరిపోతుంది. నీళ్ళొస్తాయి. పోరాటం గెలిచిందంటారు. బిందెలు, గోడ, కరపత్రం, అన్నీ నిజమైపోతాయి. మామ... మామ ఎలాగూ రిటైరవుతున్నాడు.

రాసి చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్కకి చెప్పాను. కుట్టుమిషను ఆపింది. నేను తిట్ల కోసం సిద్ధంగా ఉన్నాను, తిట్టలేదు. "కడ్డీ జోలికి పోకు. ముందు ఆయన దగ్గరికి వెళ్ళు" అంది. "నేను కూడా రానా?" అంది. వద్దన్నాను. సందు చివరిదాకా వచ్చింది.

మామ ఇంటి తలుపు అత్త తీసింది. నన్ను చూసి వేసేసింది. పక్క గేటు నుంచి వెళ్తే మామ పెరట్లో కొళాయి వాషరు మారుస్తున్నాడు.

"మామా, నలభై ఒకటి నేను తిప్పాను."

స్పానరు ఆగింది. "ఎటు?"

"ఎడమకి."

"ఎన్ని?"

"పదకొండు."

మామ మెట్టు మీద కూలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొడితే బావుండేది. "అదీ సంగతి!" అన్నాడు. "వారం రోజుల్నించీ నా చేతులు నేనే చూసుకుంటున్నాను అల్లుడూ. వయసు మీద పడి ఎక్కడో లెక్క తప్పానేమో, నాకు తెలియకుండా ఏ వాల్వు కట్టేశానో అని. రోజూ పొద్దున్నే లేచి మొత్తం ఊరు బుర్రలో తిరిగొస్తున్నాను. ఎక్కడా దొరకదే!"

నేను క్షమించమని అడగడానికి మాటలు తయారు చేసుకుని వెళ్ళాను. ఆ మాటలకి బదులు కింద పడున్న పాత వాషరు తీసి ఆయన చేతికిచ్చాను.

"ఆ కాగితం ఉందా నీ దగ్గర? మీ అత్త నన్ను చదవనివ్వలేదు. చదువు."

"వద్దు మామా."

"నా గురించి రాసింది నేను వినాలా వద్దా?"

చదివాను. నా జీవితంలో ఇంత పొడుగు పేజీ చదవలేదు. ‘ముప్ఫై నాలుగేళ్ళుగా ప్రజల గొంతు నొక్కిన’ దగ్గర, "ముప్ఫై ఆరు" అన్నాడు. ‘మిట్ట వీధి బిస్కెట్లకు అమ్ముడుపోయిన’ దగ్గర చెయ్యెత్తి ఆపాడు. "ఆ డాక్టరమ్మ నా షుగరు చూస్తుందిరా. రక్తం తీసిన రోజు కళ్ళు తిరుగుతాయని కూర్చోబెట్టింది. నాలుగు పెట్టి, రెండు తిన్నాక పళ్ళెం లాగేసుకుంది."

నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

సగం ఎందుకు తెరిచాడో అప్పుడు చెప్పాడు. మా వీధి కింద ఉన్నది ఊళ్ళోకెల్లా బలహీనమైన పైపు. పూర్తిగా వదిలితే పగిలిపోతుంది. అందుకే పదకొండు. కొత్త పైపులు ముందు మా వీధికే వెయ్యమని ఆయన రాసిన అర్జీ మేడమ్ బల్ల మీద ఉందట. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఇది వినేవాణ్ణి.

"రేపు తెరుద్దాం. ఎండిపోయిన లైను, ఒక్కసారి నీళ్ళు పడితే చీలుతుంది. మెల్లగా చెయ్యాలి. మేడమ్‌కి నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

మార్చి 17, సోమవారం

మేడమ్‌కి చెప్పాను. నిలబడి విన్నారు. "తిప్పినందుకు నీ మీద కేకలేసి ఊరుకునేదాన్ని. శుక్రవారం గుంత దగ్గర అడిగితే లేదన్నావు చూడు, దానికి. రిజిస్టరు ఇచ్చేసి వెళ్ళు. ముందు జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టు, మీ మామ విచారణ ఆగాలి."

రాశాను. పెట్టాను. ఉద్యోగం పధ్నాలుగు రోజులు.

పదకొండు గంటలకి నలభై ఒకటి దగ్గర వీధంతా మూగింది. మామ తిప్పాడు, మేడమ్ అంకెలు తిరిగి చెప్పారు. ఒక చుట్టుకి, ఇంకో చుట్టుకి మధ్య ఐదేసి నిమిషాలు. వీధి చివర కొళాయిలు తెరిచి గాలి వదిలారు. ముందు బుస్సుమంది, తర్వాత ఎర్రటి నీళ్ళు, తర్వాత మామూలు నీళ్ళు. ఒక్కసారి కేకలు! ఎవరో "కరపత్రం దెబ్బ!" అన్నారు. కాళ్ళ కింద నేల లేదేమిటా అని చూస్తే, నన్ను భుజాల మీదకి ఎత్తేశారు.

అక్కణ్ణించి మామ తల కనపడింది. గుంతలో ఉన్నాడు, కడ్డీ తుడుస్తున్నాడు.

"నేనే మూశాను!" అని అరిచాను.

"ఏంటి తమ్ముడూ?"

"తెరుస్తున్నాననుకుని నేనే మూశాను! ఎడమకి తిప్పాను! మామ తప్పేమీ లేదు!"

నా గొంతు గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు. వీధి చివరిదాకా వినపడింది. నన్ను కిందికి దించిన తీరు రాయను. మోచెయ్యి దోక్కుపోయింది.

సాయంత్రం అమ్మ బియ్యం కడుగుతూ, "వారం రోజులు మోశాను. నీ పోరాటం అనుకుని మోశాను" అంది. దీనికంటే ఆ భుజాల మీంచి ఇంకో రెండుసార్లు పడటమే నయం.

మార్చి 18, మంగళవారం

అరిస్తే వీధి వింటుంది. కరపత్రం మిట్ట వీధికీ వెళ్ళింది. అది ఇళ్ళల్లో ఉంది. చించెయ్యని కాగితం చాలాకాలం మాట్లాడుతుంది.

ఇంకొకటి రాశాను. మొదటి ప్రతిలో వ్యవస్థ గురించి రెండు పేరాలున్నాయి. అక్క పెన్సిలుతో కొట్టేసింది. రెండో ప్రతిలో నా ఉద్దేశం మంచిదని ఒక వాక్యం ఉంది. అదీ కొట్టేసింది. మిగిలింది తొమ్మిది లైన్లు. ఏ వాల్వు, ఏ రోజు, ఎటు తిప్పాను, ఎన్ని చుట్లు. మామ సగం తెరిచింది ఎందుకు. నేను రాసిన ముందు కరపత్రం అబద్ధం. కింద నా పేరు. ఆశ్చర్యార్థకాలు లేవు.

ప్రెస్సు ఆయన, "పేరు ఎంత సైజులో?" అని అడిగాడు. కిందటిసారి పేరు పెట్టలేదు, ‘ప్రజలు’ అని వేశాను. "ముందు దానికి హెడ్డింగు ఎంత వేశారో అంత" అన్నాను.

మూడు వందలు. అప్పుడు ఎన్నో ఇప్పుడూ అన్నే.

మార్చి 19, బుధవారం

కిందటిసారి గుమ్మాల్లో పడేసి వచ్చాను. ఈసారి తలుపు తట్టి చేతికే ఇచ్చాను. పొద్దున్నించి తిరిగితే రెండు వీధులూ అయ్యేసరికి సాయంత్రం నాలుగయింది. కొందరు చదివి తలుపు వేశారు. ఒకాయన చదివి, "అయితే మా ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు ఎటు తిప్పాలో నిన్నడక్కూడదన్నమాట" అన్నాడు. సందులో పిల్లలు నాకు ‘పదకొండు’ అని పేరు పెట్టేశారు. డాక్టరమ్మ చదివి, బిస్కెట్లు కావాలా అని అడిగింది. అది ఎగతాళో కాదో తేల్చుకోలేక ఒకటి తీసుకున్నాను.

మామ ఈ రోజు పనిలోకి వచ్చాడు. మార్కెట్టు దగ్గర కనపడ్డాడు, రిజిస్టరు పట్టుకుని పక్కన ఇంకెవరో. నన్ను చూసి తల ఊపాడు. అల్లుడూ అనలేదు.

అన్నీ అయ్యాక ఆఖరున మామ ఇంటికి వెళ్ళాను. అత్త తలుపు తీసింది. ఈసారి వేసెయ్యలేదు. కాగితం తీసుకుని గుమ్మంలోనే నిలబడి, వేలు పెట్టి, లైను లైనూ చదివింది. తొమ్మిది లైన్లూ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివింది. నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఇంకోటి ఇవ్వు" అంది.

"ఎవరికైనా ఇవ్వాలా అత్తా?"

"లేదు. ఆ రోజు మా ఇంట్లో రెండు పడ్డాయి."

ఇచ్చాను.